తిమింగలం పన్ను

ఓడంతా రోతగా ఉంది. రాత్రంతా జనం కక్కుకున్న బకెట్లు మెట్ల కింద అలాగే ఉన్నాయి, ఓడ ఇటు ఒరిగితే ఇటు, అటు ఒరిగితే అటు వాటిల్లో ఉన్నది జారుతోంది, పొగగొట్టం మసి తడిసిన టార్పాలిన్ మీద పడి నల్లగా కరిగి ఒక్కో బొట్టూ ఇనోసి తెల్లచొక్కా భుజం మీదికి దిగుతోంది. ఆ చొక్కా నిన్న సాయంత్రం సువా రేవులో కూతురు మెరేసీ దగ్గరుండి తొడిగింది, గుండీలు కూడా తనే పెట్టింది, చావింటికి వెళ్తున్నావు నాన్నా, మనిషిలా వెళ్ళు అంది, కాళ్ళకి బూట్లు కూడా వేసింది. అరవై ఏడేళ్ళ కాళ్ళు రాత్రంతా ఆ బూట్లలో ఉబ్బిపోయాయి. విప్పుదామంటే కంపు కొడతాయేమోనని సిగ్గు. ఎవరి దగ్గర సిగ్గు? పక్కన పిండి బస్తా మీద పడుకున్న ఆడమనిషి కోడి ఆవిడ జుట్టులోనే రెట్టేసింది, ఆవిడకే లేదు సిగ్గు. తెల్లారింది. కండవు దీవి కనపడుతోంది, దూరంగా, పాచి పట్టిన మొసలి వీపులాగా. ఇంకో గంట. ఆ గంటలోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి, తేల్చుకోవలసిన మనిషి ఎదురుగానే నాలుగు మూరల దూరంలో యంగోనా వేరు నలిపి పిసికిన నీళ్ళ బాల్చీ ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు, పేరు ఎపరామ, గడ్డం నిండా మడ్డి నీళ్ళ చుక్కలు, చెవుల్లోంచి తెల్లటి వెంట్రుకలు, కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా గవ్వలా మందం కట్టి ఉంది. పెళ్ళాం పోయిన దగ్గర్నుంచి గడ్డం తియ్యలేదు, నూరో రాత్రి దాకా తియ్యకూడదు, ఇవాళే నూరో రాత్రి, ఆ విందుకే పిండీ డబ్బా చేపలూ కొనడానికి సువా వచ్చి ఇదే ఓడలో తిరిగి వెళ్తున్నాడు. రేవులో ఎదురుపడ్డప్పుడు ఏమన్నాడు? దయచేయండి, ఇటు నీడలో కూర్చోండి, అన్నాడు. నిన్నటి నుంచి ఆ మాట ఇనోసి గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

"ముందు మీరు పుచ్చుకోండి," అంటున్నాడు ఇప్పుడు మళ్ళీ. చిప్ప నిండా పోసి, రెండు చేతులతో పట్టుకుని, తల వంచి. చుట్టూ ఉన్న నలుగురూ చప్పట్లు చరిచారు. ముందు చిప్ప పెద్దమనిషికి, పరాయివాడికి, గౌరవించవలసినవాడికి. ఇనోసి తాగాడు. చెరువు అడుగున బురద కలిపి ఇచ్చినట్టుంది, నాలుక మొద్దుబారింది, తిరిగి చిప్ప ఇస్తుంటే వేళ్ళు తగులుతాయేమోనని ఎపరామ జాగ్రత్తగా అంచు పట్టుకున్నాడు. వేళ్ళు తగలకుండా. ఈ వేళ్ళే ఒకప్పుడు ఇనోసి నోట్లోని ముద్ద నోట్లోంచే లాక్కుని తిన్నాయి. ఎందుకు లాక్కున్నాయంటే లాక్కోవడం వాళ్ళ హక్కు. ఇనోసి ఊరు వునికూరా, రేవా ఏటి ఒడ్డున. ఎపరామ ఊరు నసోలో, ఈ దీవి మీద. మధ్యలో ఇంత సముద్రం. కానీ రెండూ తౌవు ఊళ్ళు, ఒకే వేరు నుంచి మొలిచినవి, మొదట్లో ఇద్దరన్నదమ్ములు ఒక్క పడవలో వచ్చి ఒక్క పాముచేపని పట్టారనీ, అన్న తలకాయ తిన్నాడనీ తమ్ముడికి తోక మిగిలిందనీ, ఆ కోపంతో తమ్ముడు పడవెక్కి ఏటి ఒడ్డుకి పోయాడనీ చెప్తారు. అందుకని నసోలో వాళ్ళు తలకాయగాళ్ళు, వునికూరా వాళ్ళు తోకగాళ్ళు. ఎదురుపడితే తిట్టుకోవాలి. ఒకడి వస్తువు ఇంకొకడు అడక్కుండా పట్టుకుపోవాలి, కోపం తెచ్చుకోకూడదు. చావింట్లో అయితే మరీను, ఊరంతా ఏడుస్తుంటే తౌవు వాడొచ్చి శవం పక్కనే నవ్వించాలి, దోచుకోవాలి, పందిని విప్పుకుపోవాలి. అలా ఎవడూ రాని చావు దిక్కులేని చావు కింద లెక్క. మర్యాద పరాయివాళ్ళకి. మీరు అనడం పరాయివాళ్ళకి.

పదకొండేళ్ళప్పుడు హాస్టలు బడిలో మొదటి రాత్రి ఇనోసి పక్క మీద పడుకుని అమ్మ కోసం ముక్కు చీదుకుంటుంటే చీకట్లో ఎవడో తల కింద దిండు లాగేశాడు. లేచి చూస్తే పక్క మంచం మీద ఒక పొడుగు చెవుల కుర్రాడు రెండు దిళ్ళు వేసుకుని పడుకున్నాడు. ఏ ఊరు రా నీది అన్నాడు. చెప్పాడు. తెలుసు, తోక కంపు వచ్చిందిలే, అందుకే తీసుకున్నా అన్నాడు. ఇనోసికి ఏడుపు ఆగిపోయింది. ఇంటి దగ్గర తాత చెప్పిన మాట, ఎక్కడికి పోయినా నసోలో వాడు కనపడితే నీకు భయం లేదు, వాడు నిన్ను తిడతాడు. తిట్టాడు. నలభై మంది మధ్య వాడొక్కడే తిట్టాడు, మిగతావాళ్ళు కొట్టారు. ఆ తరవాత సువా రేవులో ఇద్దరూ పంచదార బస్తాలు మోస్తూ, ఒక గదిలో ఉంటూ, ఒకడి జీతంతో కొన్న చొక్కా ఇంకొకడు వేసుకు తిరుగుతూ, చెమట కంపు ఎవరిదో తెలిసేది కాదు, రోత పుట్టేది కాదు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న ఆ గోరు చూస్తే రోత. ఆ గడ్డం చూస్తే రోత. ఆ వంచిన తల చూస్తే అన్నిటికంటే. పాచి నీళ్ళలో నానేసిన బిస్కట్టులా మెత్తగా, చప్పగా, ఆ మర్యాద. ముప్పై ఒక్క ఏళ్ళు ఎక్కడ కనపడినా అదే. బాగున్నారా. పిల్లలు క్షేమమా. వస్తాను, శలవు. నడివీధిలో ఎవడైనా మొహాన ఉమ్మేసినా తుడుచుకుని పోవచ్చు, దీన్ని దేనితో తుడుచుకోవాలి.

సంచి ఒళ్ళోనే ఉంది. లోపల తువ్వాలులో చుట్టి నాన్న తిమింగలం పన్ను. జానెడు పొడుగు, కొబ్బరి పీచుతో పేనిన తాడు, నూనె పూసీ పూసీ గోధుమరంగుకి తిరిగింది, రాత్రి ఒకసారి చెయ్యి పెట్టి తడిమితే ముసలివాడి పన్ను తడిమినట్టే అనిపించింది, చల్లగా, జిడ్డుగా. ఇంట్లో ఉన్నది అదొక్కటే. చెయ్యరాని తప్పు చేసినవాడు పన్ను పట్టుకెళ్ళి ముందు పెట్టి తల వంచుకుని కూర్చుంటాడు, అవతలివాడు పన్ను తీసుకున్నాడా, తప్పు కడిగేసినట్టే, ఇంక ఎత్తకూడదు. మెరేసీ అదే చెప్పింది, ఇచ్చెయ్యి నాన్నా, ఒక్కసారి తల వంచితే పోయేదానికి ఎన్నేళ్ళు మోస్తావు అని. పట్నంలో పుట్టిన పిల్ల. దానికేం తెలుసు. ఇస్తే ఎపరామ తీసుకుంటాడు, రెండు చేతులా తీసుకుంటాడు, చక్కగా మూడుసార్లు చప్పట్లు చరుస్తాడు, క్షమిస్తాడు. క్షమిస్తే అయిపోయినట్టే. తౌవు వాళ్ళ మధ్య తప్పనేదే లేదు, క్షమించడానికి ఏముంటుంది. పన్ను ఇవ్వడమంటే అవునండీ, మనం పరాయివాళ్ళమే, పరాయివాణ్ణి కొట్టినట్టు కొట్టాను, పరాయివాడిలాగా మన్నించండి అని రాసిచ్చినట్టు. రాత్రంతా ఇదే తిరుగుతోంది బుర్రలో, బకెట్లో నీళ్ళలాగా, ఇటూ అటూ. పన్ను ఇస్తే ఇంక చచ్చేదాకా మీరు. ఇవ్వకపోతే? ఇవ్వకపోతే తిట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళ తరవాత, పెళ్ళాం పోయినవాణ్ణి, నూరో రాత్రి నాడు. తిడితే వాడు మళ్ళీ తల వంచి చిత్తం అంటే? అప్పుడు ఇనోసి ఎవరు? శవం మీద ఉమ్మేసిన ముసలి కుక్క.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, ఆ రోజు, నాన్న శవం నడిగదిలో చాపల మీద ఉంది. అప్పటికి ఇనోసి రేవు కూలీ కాదు, సర్కారు గిడ్డంగిలో తాళాలవాడు, నడుముకి ఇరవై తాళాలు, ఆ తాళాలిచ్చిన ఆఫీసరు పెళ్ళాన్ని తీసుకుని వచ్చాడు, ఇద్దరూ చాప మీద కూర్చోవడం చాతకాక మోకాళ్ళు పట్టుకుని ఉన్నారు. వంటింటి వైపు నుంచి దగ్గు వినపడింది. నాన్న దగ్గు. మూడుసార్లు చిన్నగా, ఒకటి పెద్దగా, చివర్న గొంతు గీరుకోవడం. ఇంట్లో ఆడవాళ్ళ ఏడుపు టక్కున ఆగింది. ఎపరామ వచ్చాడు, నాన్న సులు గుడ్డ నడుముకి చుట్టుకుని, పొట్ట మీద దిండు కట్టుకుని, నాన్న చేతికర్ర పట్టుకుని. ఏమిటే ఈ గోల, నిద్రపోనివ్వరా, నా అన్నం ఎవర్తి తినేసింది, అన్నాడు అమ్మతో. అమ్మ నవ్వింది. రెండు రోజులుగా గుక్క తిప్పుకోకుండా ఏడ్చిన మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని, పక్కనున్నావిడ మీద వాలిపోయి నవ్వింది, నీ అన్నం కుక్క తింది పోరా అంది ఆ వేషగాణ్ణి, వాడు వెళ్ళి శవం పక్కన చాప మీద పడుకుని, జరుగు, చోటంతా నువ్వే ఆక్రమించావు అన్నాడు నాన్నతో. ఇల్లంతా నవ్వింది. ఇనోసికీ నవ్వు వచ్చింది, ఇదిగో ఇక్కడి దాకా వచ్చింది, అప్పుడు చూశాడు ఆఫీసరు పెళ్ళాన్ని. ఆవిడ చేతిరుమాలు ముక్కు మీద పెట్టుకుంది. అంతే. అంతకంటే ఏమీ చెయ్యలేదు ఆవిడ. పట్నపు సెంటు రాసిన చిన్న రుమాలు, ముక్కు మీద. ఇనోసి లేచి వెళ్ళి ఎపరామ చెంప మీద కొట్టాడు. మర్యాద తెలీదా నీకు, అన్నాడు. ఆ చప్పుడుకి అమ్మ నవ్వు ఆగిపోయింది, ఆ తరవాత ఆ ఇంట్లో అమ్మ అలా నవ్వడం మళ్ళీ ఎవరూ వినలేదు. ఎపరామ లేచాడు. దిండు విప్పాడు. సులు నాలుగు మడతలు పెట్టి శవం కాళ్ళ దగ్గర పెట్టాడు. దొరల ముందు నుంచి వెళ్ళేటప్పుడు వంగినట్టు నడుం వంచి, మోకాళ్ళ మీద నెమ్మదిగా గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ చప్పట్లు చరిచి, "మన్నించండి," అన్నాడు. అదే మొదటిసారి. ఆర్నెల్లకి ఏదో మాటల్లో ఆ చావు ఊసెత్తితే ఆఫీసరు, ఏ చావు, ఎవరిది, అన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. ఆ రుమాలు మీద కోపం లేదు ఇప్పుడు. ఆ చెయ్యి తనది. ఈ చెయ్యే, ఇదిగో, మచ్చలు పడి, చర్మం వేలాడుతూ, సంచి తాడు పట్టుకుని. దీనంత రోత ఈ ఓడ మీద ఇంకేమీ లేదు.

వసితి ఒక్కతే తిట్టడం ఆపలేదు. ఎపరామ పెళ్ళాం, వెడల్పు మొహం, మగాడి గొంతు. ఏటా క్రిస్మస్ ముందు ఈ ఓడలో ఎవరి చేతో ఒక కట్ట ఎండుచేప పంపేది, దానితో పాటు నోటి మాట, మోసుకొచ్చినవాడు సిగ్గుపడుతూ గుమ్మంలో నిలబడి అప్పజెప్పేవాడు, ఇవి మా పందులు ముట్టలేదు, తోకగాళ్ళు తింటారేమోనని పంపుతున్నా, అందండీ. ముప్పై ఒక్క కట్టలు. ఇనోసి తిరిగి కబురు పంపేవాడు, మీ చేప తిని మా పిల్లి ఇల్లొదిలి పోయింది, పిల్లి ఖరీదు పంపు అని. ఎపరామకి ఆ కబుర్లు తెలుసో తెలీదో. ఆ ఇంట్లో ఎవరో ఒకరు తిడుతూనే ఉన్నారు కదా, ఇంకా తెగలేదు కదా, అని ఇనోసి ఏడాదంతా బతికేవాడు. మూడు నెలల కిందట రేడియోలో చావు కబుర్లు చదువుతూ నసోలో, వసితి అన్నారు. ఇనోసి టీ తాగుతున్నాడు, గ్లాసు కింద పెట్టాడు, మోకాళ్ళు బాగోలేవన్నాడు మెరేసీతో, వెళ్ళలేనన్నాడు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. వసితి శవం పక్కన నవ్వించడానికి ఎవడూ లేడు. మూరెడు మూరెడు తోకలున్న వునికూరాలో వెళ్ళవలసినవాడు తనొక్కడే, టీ చల్లారేదాకా గోడ చూస్తూ కూర్చున్నాడు. రేపు తను పోతే ఎవడొస్తాడు. సర్కారు గిడ్డంగి వాళ్ళు పూల చక్రం పంపుతారు. అందరూ మర్యాదగా ఏడుస్తారు.

ఎపరామ పక్కన తాటాకు బుట్ట ఉంది, దాంట్లోంచి అరిటాకు మూట బయటికి కనపడుతోంది, ఉడికిన దుంప, కొబ్బరిపాలలో చేప తలకాయ, నిన్నటిది, పులుపు వాసన తగులుతోంది. ఇనోసి ఏమీ అనుకోలేదు, చెయ్యి దానంతటదే పోయింది. మూట లాక్కున్నాడు, విప్పాడు, అందరూ చూస్తుండగా చేప తలకాయ రెండుగా విరిచి కన్ను చప్పరించాడు. పిండి బస్తా మీది ఆడమనిషి నోరు తెరుచుకుని చూస్తోంది. చేప పాడైపోయింది, కొబ్బరిపాలు విరిగి తీగలు సాగుతున్నాయి, గొంతు దిగనంటోంది, అయినా నమిలాడు, కారుతున్నది మోచేతి దాకా వచ్చింది, మెరేసీ తొడిగిన చొక్కా మీద పడింది. దొంగ అను. తోకగాడా అను. నీ అమ్మ కడుపు మాడ అను. ఎపరామ చూశాడు. కళ్ళల్లో ఏదో కదిలిందా, చేప వెలుతురికి జరిగినట్టు? రెప్ప వేశాడు, పోయింది.

"అడుగున ఇంకో ముక్క ఉంది, తినండి," అన్నాడు. "నీళ్ళు కావాలా?"

చిత్తం అన్నట్టే. ఇనోసి వెళ్ళి కమ్మీ పట్టుకుని తిన్నదంతా సముద్రంలోకి కక్కాడు. కక్కి, చొక్కా చేతికి మూతి తుడుచుకుని, ఇంక పన్నే గతి, అనుకున్నాడు. ఒడ్డు మీద, అందరి ముందు, మోకాళ్ళ మీద కూర్చుని.

ఓడ పగడపు దిబ్బ బయట లంగరు వేసింది. ఊళ్ళోంచి చిన్న పడవలు వచ్చాయి, పిండి బస్తాలు దింపారు, మనుషుల్ని దింపారు, నసోలో పడవలో ఎపరామ ముందు దిగి ఇనోసికి చెయ్యి అందించాడు, జాగ్రత్తండీ, పాకుడు పట్టింది, అన్నాడు. ఇనోసి ఆ చెయ్యి పట్టుకోకుండానే దిగాడు. పడవలో ఆరుగురు, అందరూ ఎపరామ వైపు వాళ్ళే, మౌనంగా ఉన్నారు, చావింటి మౌనం. నీళ్ళు పలచబడుతున్నాయి, అడుగున పగడం, ఇసుక, ఒక తెగిన చెప్పు. ఒడ్డున చాపలు పరిచి ఉన్నాయి, పొయ్యిగుంటల పొగ, నల్లబట్టల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, ఒక్కరూ నవ్వడం లేదు. నూరు రాత్రుల నుంచి ఒక్కరూ నవ్వి ఉండరు. ఆ వరసలో వెడల్పు మొహం లేదు. సంచిలో పన్ను మోకాలికి గుచ్చుకుంటోంది. వసితి చూస్తే ఏమనేది, పన్ను తెచ్చావా, ఎవడికిరా, నా పందికా, అనేది. నడుము అడ్డంగా పట్టుకుని ఆ మగ గొంతుతో నవ్వేది. ఇనోసి నోరు తెరిచాడు. గొంతులో కక్కు మంట ఇంకా ఉంది.

"ఒరేయ్ తలకాయగా," అన్నాడు. "నీ పెళ్ళాం ఎందుకు పోయిందో నాకు తెలుసురా."

ఇంజను దగ్గర కూర్చున్నవాడి చెయ్యి ఆగింది, ఇంజను ఆగింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు నాకు ఎండుచేప పంపింది. ఒక్కటీ తినేలా లేదు. చివరికి తనే రుచి చూసుంటుంది. అందుకే పోయింది."

అన్నాడు. అనేశాడు. మాట నోట్లోంచి బయటికి వచ్చాక అది ఎంత మురికిగా ఉందో కనపడింది, పడవ మధ్యలో, అందరి కాళ్ళ దగ్గర, పొట్ట చీరిన చేపలాగా. ఎపరామ లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. ముందు రెండు అడుగులు వేశాడు, పసుపుపచ్చ గోరు ఇనోసి బూటు మీద పడింది, మొహం మొహానికి దగ్గరగా వచ్చింది, యంగోనా కంపు, మన్నించండి అంటాడు ఇప్పుడు, చప్పట్లు చరుస్తాడు, అనుకున్నాడు ఇనోసి, కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులు రొమ్ము మీద పడ్డాయి. ఆకాశం అడ్డంగా తిరిగింది. నీళ్ళు.

నడుం లోతే. అయినా తల మునిగింది, నోట్లో ఉప్పు, ముక్కులో ఉప్పు, డీజిలు, ఇసుక, బూట్లు రాళ్ళలా బరువెక్కి కిందికి లాగుతున్నాయి. లేచి నిలబడి దగ్గుతుంటే నాన్న దగ్గులాగే వచ్చింది, మూడు చిన్నవి, ఒకటి పెద్దది. కళ్ళు తెరిస్తే పడవ అంచు మీద రెండు చేతులూ ఆనించి ఎపరామ వంగి చూస్తున్నాడు, గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి సముద్రం నీళ్ళో కావో.

"మా వసితి వంటనంటావురా తోకముక్కా," అంటున్నాడు. గొంతు బొంగురుపోయి, తుప్పు పట్టిన తలుపులా. "మీ అమ్మ ఉడకేసిన దుంపతో మా నాన్న పడవ చిల్లు పూడ్చుకున్నాడు. ముప్పై ఏళ్ళు నీళ్ళు కారలేదు. నూరు రోజులు ఎక్కడ చచ్చావురా? ఆ రోజున రాలేదేం? నన్ను ఒక్కణ్ణే ఏడవనిస్తావా?"

"మోకాళ్ళు," అన్నాడు ఇనోసి.

"నీ మోకాళ్ళు కుళ్ళిపోను."

ఒడ్డున ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఎవరో ముందు పకపకమంది, ఆ తరవాత ఇంకొకరు. ఎపరామ అప్పటికే పడవలో ఉండిపోయిన ఇనోసి సంచి బోర్లించేశాడు, తువ్వాలు ఒక కుర్రాడి మొహాన పారేశాడు, సబ్బు ఇంకొకడికి, మెరేసీ ఇస్త్రీ చేసిన రెండో చొక్కా తను భుజం మీద వేసుకున్నాడు. అడుగున పన్ను దొరికింది. ఆగాడు. తాడు పట్టుకుని పైకెత్తాడు, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు, ఇనోసి దాన్ని ఎందుకు తెచ్చాడో అర్థమైనట్టుంది. ఇనోసి నీళ్ళలో నిలబడి ఆ చేతుల్ని చూస్తున్నాడు, రెండు చేతులా పట్టుకుంటాడా, తల వంచుతాడా, చప్పట్లు చరుస్తాడా.

ఎపరామ దాన్ని ఒక్క చేత్తో, పచ్చి చేపని పారేసినట్టు, తన బుట్టలోకి పారేశాడు.

"నువ్వు ఇవ్వలేదు," అన్నాడు. "నేను దోచుకున్నాను. ఇంకెవడైనా వేరేగా చెప్పాడో, వాడి పళ్ళు కూడా రాలగొడతా."

"దొంగ నాకొడకా," అన్నాడు ఇనోసి, ఉప్పునీళ్ళు ఉమ్ముతూ. ఒడ్డున చెట్టుకి కట్టిన పంది కనపడుతోంది, విందు పంది, పెద్దది. ఉబ్బిన కాళ్ళు ఈడ్చుకుంటూ, బూట్లు నీళ్ళలోనే వదిలేసి, ఇనోసి దానివైపు నడిచాడు.